పెట్టె ఊడాలి, కరెంటు కదలకూడదు

మామిడికాయల కాలంలో మా స్విఫ్ట్ డిక్కీ మీద నాకు హక్కు ఉండదు. దామలచెరువు దగ్గర మా మామగారికి చిన్న తోట ఉంది. జూన్ వచ్చిందంటే ప్రతి ఆదివారం బెంగళూరా కాయల బుట్టలు తిరుపతికి చేరాలి. మిగిలిన నెలల్లో ఆ చోట నా సబ్‌వూఫర్, అంటే పాటలో దరువును మోగించే పెద్ద స్పీకరు పెట్టె ఉంటుంది. ఈ రెంటికీ పొత్తు కుదరడానికి రెండేళ్ళు, ఒక పంక్చరు పట్టాయి.

మొదటిసారి పెట్టెను ఒక దుకాణంలో బిగించారు. నాలుగు మూలలా ఇనుప బద్దీలు, డిక్కీ పలకలోకి స్క్రూలు. చూడటానికి ముచ్చటగానే ఉంది. ఒక రాత్రి తొమ్మిదిన్నరకు, పాకాల దాటి చంద్రగిరి వైపు వస్తుండగా వెనక టైరు పోయింది. స్టెప్నీ పలక కింద, పలక మీద పెట్టె, పెట్టెకు స్క్రూలు, స్క్రూడ్రైవరు ఇంట్లో! ఫోను వెలుగులో, తాళంచెవి కొసతో ఆ స్క్రూలు తిప్పుతుంటే మా ఆవిడ ఒక్క మాట అన్నది: "పాట పెట్టుకుని తిప్పండి, అలసట తెలియదు." మరునాడే ఆ పెట్టె ఊడదీశాను.

రెండోసారి నేనే చేసుకున్నాను. అప్పుడు పెట్టుకున్న నియమం ఒకటే. డిక్కీలోంచి బయటికి వచ్చేది పెట్టె ఒక్కటే కావాలి. బ్యాటరీ నుంచి వచ్చే తీగ, స్పీకరుకు బలమిచ్చే యాంప్లిఫయరు (యాంపు), దాన్ని కారు ఇనుముకు కలిపే ఎర్త్ తీగ కారులోనే స్థిరంగా ఉండాలి. చాలామంది యాంపును పెట్టె వీపున బిగించి, మొత్తం కలిపి ఎత్తుతారు. అప్పుడు పెట్టె తీసిన ప్రతిసారీ బ్యాటరీ తీగ ఒకటి డిక్కీలో ఒంటరిగా మిగులుతుంది. దాని కొస ఏ ఇనుముకు తగిలినా నిప్పురవ్వలే. స్పీకరు తీగ మాత్రమే ఊడేట్టు ఉంటే ఆ భయం లేదు.

పెట్టె సంగతి ముందు చూద్దాం. నాది 10 అంగుళాల స్పీకరు. దానికి గాలి చొరబడని మూతపెట్టె చేయించాను. గొట్టం ఉన్న పెట్టె ఇంకా గట్టిగా మోగుతుంది కానీ, చోటు ఎక్కువ తింటుంది, కొలతలో చిన్న తేడా వచ్చినా రొద అవుతుంది. నేను ఎక్కువగా వినేది కచేరీలు. మృదంగం తొప్పి (ఎడమ వైపు ముఖం) మీద పడిన దెబ్బ పడినట్టే ఆగిపోవాలి, సాగకూడదు. అందుకు మూతపెట్టే మేలు.

వడ్రంగికి ఇచ్చిన కొలత ఇది: 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ (చెక్కపొడి అదిమి చేసిన) పలకతో బయట కొలత 40 సెంటీమీటర్ల వెడల్పు, 36 ఎత్తు, 30 లోతు. లోపల సుమారు 31 లీటర్లు వస్తుంది. స్పీకరు దేహం ఆక్రమించేది పోతే దాదాపు ఒక ఘనపుటడుగు మిగులుతుంది. 10 అంగుళాలవాటికి సాధారణంగా అది సరిపోతుంది. అయినా మీ స్పీకరుతో వచ్చిన కాగితంలో రాసిన కొలతే ప్రమాణం. డిక్కీ 268 లీటర్లయితే బయటి కొలతతో పెట్టె మింగేది 43. మేకులు వద్దు, జిగురు, స్క్రూలు వాడమనండి. లోపలి మూలలన్నీ జిగురుతో మూయించండి. స్పీకరు బిగించాక దాని శంకువును అరచేత్తో మెల్లగా లోపలికి నొక్కి వదిలితే నెమ్మదిగా తిరిగి రావాలి. టక్కున వచ్చేస్తే ఎక్కడో గాలి పోతున్నట్టే. నా పెట్టె మొత్తం 16 కిలోలు వచ్చింది. రెండు పక్కలా చేయి పట్టే గాడి తీయించడం మరిచిపోకండి. అయితే గాడి పలకను చీల్చుకుని లోపలికి వెళ్ళకూడదు, పైన పిడి స్క్రూలతో బిగించినా చాలు.

తీగల పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ ఊడదీయండి. తరువాత గడియారం, రేడియో స్టేషన్లు మళ్ళీ పెట్టుకోవలసి రావచ్చు, అంతే. నా యాంపు 300 వాట్లది. అలాంటిది పూర్తి జోరులో 12 వోల్టుల బ్యాటరీ నుంచి 25, 30 ఆంపియర్ల దాకా లాగుతుంది. దానికి 8 గేజ్ తీగ, అంటే సుమారు 8 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, 40 ఆంపియర్ల ఫ్యూజు పెట్టాను. ఫ్యూజు యాంపు దగ్గర కాదు, బ్యాటరీ దగ్గరే, 45 సెంటీమీటర్ల లోపలే ఉండాలి. ఫ్యూజు కాపాడేది యాంపును కాదు, తీగను. దారిలో తీగ ఎక్కడ ఒరుసుకున్నా కరెంటు మొదట్లోనే తెగాలి. కొనేటప్పుడు తీగ కొసను బ్లేడుతో గీకి చూడండి. లోపల తెల్లగా కనిపిస్తే అది రాగి పూసిన అల్యూమినియం. ధర తక్కువ, కానీ అదే లావులో కరెంటు తక్కువ మోస్తుంది. నేను తీసుకోలేదు.

ఇంజిన్‌కూ మనం కూర్చునే చోటుకూ మధ్య ఇనుప గోడలో కంపెనీ తీగలు దూరే రబ్బరు బుష్షు ఉంటుంది. తీగను అందులోంచే లోపలికి తేవాలి. కొత్త రంధ్రం చేసి రబ్బరు లేకుండా లాగితే, ఆ అంచు కొన్నాళ్ళలో తీగను కోసేస్తుంది. లోపల తలుపు అంచున ప్లాస్టిక్ పట్టీ కింద నడిపించి, ముందు సీటు కింద పెట్టిన యాంపు దాకా తెచ్చాను. యాంపును చిన్న ప్లైవుడ్ ముక్క మీద బిగించి కాస్త ఎత్తులో ఉంచాను, తడి చెప్పుల నీళ్ళు అటు పారకుండా. సీటు కింద పసుపుపచ్చ తీగలు గానీ కప్లర్లు గానీ కనిపిస్తే వాటి జోలికి పోవద్దు. అవి ఎయిర్‌బ్యాగులవి.

ఇక ఎర్త్. నేను ఎక్కువ సమయం తగలేసింది ఇక్కడే. మొదటి రోజు అంతా బిగించి కపిలతీర్థం రోడ్డు మీదకు వచ్చాను. యాక్సిలరేటరు నొక్కినప్పుడల్లా స్పీకర్లలో సన్నని ఈల. ఇంజిన్ వేగం పెరిగితే ఈల పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. ఇంజిన్‌తో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటరు చప్పుడు పాటలోకి దూరుతోందన్నమాట. యాంపు మార్చాలేమో అనుకున్నాను. తివాచీ ఎత్తి చూస్తే, ఎర్త్ లగ్గును (తీగ కొసన ఉండే లోహపు రింగును) తెల్లటి రంగు మీదే బోల్టు పెట్టి బిగించి ఉన్నాను. చేసింది నేనే, ఇంకెవరినీ అనడానికి లేదు. కారు రంగు కరెంటుకు అడ్డుగోడ. బోల్టు ఊడదీసి, దాని చుట్టూ రూపాయి బిళ్ళంత మేర గరుకు కాగితంతో రుద్దాను. ముందు తెలుపు పోయింది, తరువాత బూడిదరంగు పూత పోయింది, చివరకు ఇనుము మెరిసింది. లగ్గు పెట్టి బిగించి, తుప్పు పట్టకుండా పైన కాస్త గ్రీజు రాశాను. ఈల పోయింది. ఎర్త్ తీగ లావు పాజిటివ్ తీగంతే ఉండాలి, పొడవు మూరకు మించకూడదు. సీటుబెల్టు బోల్టును మాత్రం దీనికి వాడకండి. పాట తెచ్చే తీగ కూడా బ్యాటరీ తీగ పక్కన పోకూడదు. ఒకటి కారుకు ఎడమ వైపు నుంచి వస్తే రెండోది కుడి వైపు నుంచి రావాలి.

కంపెనీ స్టీరియోకు వెనక సబ్‌వూఫర్ తీగ పెట్టే చోటు చాలా వాటిలో ఉండదు. యాంపులో స్పీకరు తీగలు నేరుగా తీసుకునే ఏర్పాటు ఉందో లేదో కొనేటప్పుడే అడగండి. ఉంటే వెనక స్పీకర్ల తీగల నుంచి పాట తీసుకోవచ్చు. అసలు తీగలు కోయకుండా మధ్యలో పెట్టే కప్లర్లు దొరుకుతాయి. వారంటీ ఉన్న కారుకు అవే వాడండి. యాంపును మేల్కొలిపే రిమోట్ తీగలో నేను ఒక చిన్న స్విచ్ పెట్టాను. పెట్టె ఇంట్లో ఉన్న రోజు యాంపు కూడా నిద్రపోతుంది.

యాంపు నుంచి డిక్కీ పక్క ప్లాస్టిక్ దాకా స్పీకరు తీగ శాశ్వతంగా వేసి, అక్కడ ఒక సాకెట్ బిగించాను. మామూలు రెండు పిన్నుల ప్లగ్గు పెట్టవద్దు. ఊడిపోతుంది, పిన్నులు ఒకదానికొకటి తగిలితే యాంపుకు ముప్పు. పెళ్ళి పందిళ్ళలో మైకుసెట్టు వాళ్ళు పెద్ద స్పీకర్లకు వాడే స్పీకాన్ అనే ప్లగ్గు ఉంది. లోహం ఏదీ బయటికి కనిపించదు. సాకెట్‌లో పెట్టి కుడివైపు తిప్పితే టక్కుమని తాళం పడుతుంది. తీయాలంటే మీట వెనక్కి లాగి ఎడమకు తిప్పాలి. చీకట్లో, చూడకుండా, ఒక చేత్తో చేయవచ్చు. లోపల 1+ కు ఎర్ర తీగ, 1− కు నల్ల తీగ. పెట్టె వైపు సరిగ్గా కలిపామో లేదో తెలియాలంటే టార్చిలో వేసే ఒకటిన్నర వోల్టుల బ్యాటరీని స్పీకరు కొసలకు క్షణం పాటు తాకించండి. పాజిటివ్ ఎర్ర కొసకు తగిలితే శంకువు బయటికి ఉబకాలి.

పెట్టెను కట్టడం గురించి అశ్రద్ధ వద్దు. హ్యాచ్‌బ్యాక్‌లో డిక్కీకీ మనుషులకూ మధ్య ఉన్నది సీటు వీపు ఒక్కటే. 60 వేగంలో బ్రేకు పడితే కారు ఆగుతుంది గానీ, కట్టని 16 కిలోలు ఆ వేగంతోనే ముందుకు వస్తాయి. పెట్టె అడుగున వెల్‌క్రో పట్టీలు అంటించాను, అవి డిక్కీ తివాచీని పట్టుకుంటాయి. జారకుండా ఉండటానికే అవి, ఆపటానికి కావు. ఆపేది లారీలకు కట్టే రాచెట్ బెల్టు, సన్నరకం. పిల్లల సీటు కోసం వెనక సీటు వీపున కంపెనీ ఇచ్చిన కొక్కేలకు తగిలించి లాగి బిగిస్తాను. డిక్కీ నేలకు డ్రిల్లు పెట్టే ఆలోచన మానుకోండి. కింద పెట్రోలు ట్యాంకు, బ్రేకు గొట్టాలు ఎక్కడున్నాయో పైనుంచి తెలియదు.

స్పీకరు ముఖం డిక్కీ తలుపు వైపు, తలుపుకు బెత్తెడు ఖాళీ వదిలి పెట్టాను. సీటు వైపు తిప్పి చూశాను, ముఖం తలుపు వైపు ఉన్నప్పుడే దరువు నిండుగా వచ్చింది.

యాంపు మీద గెయిన్ అని రాసి ఉండే గుండ్రటి మీట వాల్యూమ్ కాదు. ఎంత తిప్పితే అంత బలం అనుకుని చివరిదాకా తిప్పినవాళ్ళ స్పీకర్లు కాలిపోవడం చూశాను. పద్ధతి ఇది. పెట్టె ప్లగ్గు తీసేయండి. స్టీరియోలో బేస్, ట్రెబుల్ సున్నా దగ్గర, యాంపులో బేస్ బూస్ట్ సున్నా, వాల్యూమ్ ముప్పాతిక వంతు. ఫోనులో 50 హెర్ట్జ్ ధ్వని పెట్టి, యాంపు స్పీకరు కొసల దగ్గర మల్టీమీటరును ఏసీ వోల్టుల మీద ఉంచండి. యాంపు వాట్లను స్పీకరు ఓముల (దాని నిరోధం) సంఖ్యతో హెచ్చించి వర్గమూలం తీస్తే రావలసిన వోల్టులు తెలుస్తాయి. నాకు 300 వాట్లు, 4 ఓములు, కాబట్టి 34.6. మీటరు ఆ అంకె చూపేదాకా గెయిన్ మెల్లగా తిప్పి ఆపేయాలి. ఇది యాంపుకు మాత్రమే కొలత. స్పీకరు మోయగలిగేది అంతకన్నా తక్కువైతే ఆ తక్కువ వాట్లతోనే లెక్క వేయండి. పై స్వరాలను సబ్‌వూఫర్‌కు పోనివ్వని లో పాస్ మీటను 80 హెర్ట్జ్ దగ్గర పెట్టాను. శంకువు కదలికను తిరగేసే ఫేజ్ మీటను నేను డ్రైవరు సీట్లో కూర్చుని ఉండగా మా అబ్బాయి అటూ ఇటూ మార్చాడు, ఎటు ఉంటే మృదంగం నా ముందు నుంచి వస్తున్నట్టు అనిపించిందో అటే వదిలేశాం.

ఆ తరువాత నంబరుప్లేటు గడగడలాడుతుంది. వెనక నురుగు టేపు రెండు ముక్కలు అంటిస్తే సరి. డిక్కీ పైన కప్పే పలక అంచులకూ అదే మందు.

తిరుమల వెళ్ళే రోజు పెట్టె ఇంట్లోనే. అలిపిరి తనిఖీలో డిక్కీ తెరిచి చూపించాలి. అన్ని వైపులా మూసిన పెట్టెలోంచి తీగ వేలాడుతుంటే ఎవరికైనా అనుమానం రావడం సహజం. పైగా 1944 నాటి పాత ఘాట్ రోడ్డే ఇప్పుడు దిగే దారి. అన్ని మలుపుల్లో ఆ బరువు వెనక ఉండటం నాకు ఇష్టం లేదు.

తీయడానికి ఒక్క నిమిషం చాలు. స్విచ్ ఆపు, ప్లగ్గు తిప్పు, బెల్టు వదులు, పెట్టె ఎత్తు. సాకెట్ మీద మూత పెట్టండి, లేకపోతే దుమ్ము చేరుతుంది. ఇంట్లో స్పీకరు ముఖం గోడ వైపు తిప్పి, ఎండ తగలని చోట ఉంచాలి, చిన్నపిల్లలకు ఆ శంకువును వేలితో పొడవడం మహా సరదా. ఇప్పుడు నా పెట్టె వరండాలో ఉంది. దాని మీద మా అత్తగారు ఆవకాయ జాడీ పెట్టారు. డిక్కీలో నాలుగు బుట్టల బెంగళూరా.