పాత నాణేలు ఆన్‌లైన్‌లో అమ్మేటప్పుడు మోసం చేసే కొనుగోలుదారులను ఎలా ఎదుర్కోవాలి?

నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలపు చార్మినార్ రూపాయి ఒకటి నా దగ్గర ఉండేది. ద్వారం మధ్యలో ‘ఐన్’ అక్షరం, అంటే ఉస్మాన్ పేరులోని మొదటి అక్షరం, స్పష్టంగా కనిపించేది. మీనారుల గీతలు ఎక్కడా అరగలేదు. ఇంట్లో అవసరం వచ్చి దాన్ని ఆన్‌లైన్‌లో అమ్మాను. పార్సిలు అందిన మూడో రోజున కొన్నాయన ‘ఫొటోలో ఉన్నంత బాగా లేదు, తిప్పి పంపుతున్నాను’ అని రాశాడు. నమ్మి ముందే డబ్బు వెనక్కి ఇచ్చేశాను. తిరిగి వచ్చిన పెట్టెలో చార్మినార్ రూపాయే ఉంది, కానీ అది నాది కాదు. చార్మినార్ సగం అరిగిపోయింది. ఎవరో మెడలో వేసుకోవడానికి కొక్కెం అతికించి ఊడదీసిన టంకం మచ్చ అంచున ఉంది. అది నాది కాదని నాకు తెలుసు, నిరూపించడానికి మాత్రం నా దగ్గర ఏమీ లేదు. దూరం నుంచి తీసిన రెండు ఫొటోలే ఉన్నాయి, అంచు ఫొటో అసలు తీయలేదు.

మోసగాడు మన అజాగ్రత్త మీదే బతుకుతాడని ఆ రోజు తెలిసింది. కింద చెప్పే పద్ధతిని ఆ తర్వాత నేను ఒక్కసారి కూడా తప్పలేదు. నాణేల గురించి చెబుతున్నా, పాత నోట్లకూ తపాలా బిళ్ళలకూ ఇందులో చాలా భాగం వర్తిస్తుంది.

మొదట: చట్టం ఎక్కడ గీత గీసిందో తెలుసుకోండి

మోసగాళ్లలో కొందరు మన చేత తప్పు చేయించి, ఆ భయంతో మన నోరు నొక్కేస్తారు. అందుకే ఇది ముందుగా చెబుతున్నాను. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు నిండిన నాణెం పురావస్తువు కిందికి వస్తుంది. దాన్ని వ్యక్తులు దేశం దాటించడం నేరం. పురావస్తువులను వ్యాపారంగా అమ్మాలంటే లైసెన్సు ఉండాలి. అయిదో జార్జి బొమ్మతో 1911లో వచ్చిన రూపాయి ఈ లెక్కలో ఎప్పుడో చేరిపోయింది. రాజు వస్త్రం మీది ఏనుగు పందిలా కనిపించిందని గొడవ జరిగింది ఆ నాణెం మీదే. అమెరికా నుంచో దుబాయి నుంచో ఒకరు ఫోను చేసి ‘మన తెలుగువాళ్లమే కదా, ఆటబొమ్మలని రాసి కొరియర్‌లో పంపండి’ అంటే ఎంత ధర చెప్పినా వద్దనండి. అలా పంపాక ఆయన డబ్బు ఎగ్గొట్టినా మీరు ఎవరికీ ఫిర్యాదు చేయలేరు.

రద్దయిన పాత 500, 1000 రూపాయల నోట్లకు 2017లో ప్రత్యేక చట్టం వచ్చింది. మామూలు వ్యక్తి దగ్గర పదికి మించి, అధ్యయనం కోసమో సేకరణ కోసమో అయితే 25కు మించి ఉండకూడదు. కట్టలు కట్టలుగా కావాలని అడిగేవాడితో మాట్లాడనే వద్దు. పొలంలోనో, గోడ కూలుస్తుంటేనో దొరికిన నాణేలను 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి, అమ్మకానికి పెట్టకూడదు.

రెండోది: ఈ నాణెం ఇదేనని నిరూపించే రికార్డు

ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. అమ్మకానికి పెట్టకముందే చేయాల్సిన పని ఇది.

నాణేన్ని తూచండి. వంటింటి త్రాసు చాలదు. నగల దుకాణాల్లో వాడే తరహా చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు, గ్రాములో నూరో వంతు చూపేది, తక్కువ ధరకే దొరుకుతుంది. బ్రిటిష్ ఇండియా వెండి రూపాయి ప్రామాణిక బరువు 11.66 గ్రాములు, చార్మినార్ రూపాయిది దాదాపు 11.18 గ్రాములు. వాడకంలో అరిగినవి కొంచెం తగ్గుతాయి. మీ నాణెం 11.09 తూగితే ఆ అంకెను త్రాసు తెరతో సహా ఫొటో తీయండి. వ్యాసాన్ని కూడా కొలిచి రాసుకోండి.

బొమ్మ, బొరుసు రెండూ దగ్గరి నుంచి ఫొటో తీయండి. కిటికీ పక్కన పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా తీస్తే గీతలు బాగా కనిపిస్తాయి. నాణేన్ని కొంచెం వంచి మరో రెండు తీయండి. తర్వాత అంచును నాలుగు వైపుల నుంచి తీయండి. ఏ రెండు పాత నాణేలూ ఒకేలా అరగవు. ఒకదానికి అక్షరం పక్కన చిన్న గాటు ఉంటుంది, మరొకదానికి అచ్చు పగిలినప్పుడు పడ్డ సన్నని ఉబ్బు గీత ఉంటుంది. అలాంటి గుర్తులు మూడు ఎంచుకొని మీ పుస్తకంలో రాసుకోండి. ఒకటి మాత్రం అమ్మకపు ఫొటోల్లో కనిపించకుండా మీ దగ్గరే దాచుకోండి. నాణెం మార్చేవాడు మీరు చూపిన ఫొటోలకు దగ్గరగా ఉన్నదాన్నే వెతుకుతాడు. మీరు చూపని గుర్తు అతనికి తెలియదు.

ధర బాగా ఎక్కువైతే ఎన్‌జీసీ, పీసీజీఎస్ వంటి గ్రేడింగ్ సంస్థల చేత, అంటే నాణెం అసలుదో కాదో, ఏ స్థితిలో ఉందో పరీక్షించి చెప్పేవాళ్ల చేత, సీలు చేయించడం మేలు (వందేళ్లు నిండిన నాణేన్ని మాత్రం ఇందుకోసం దేశం దాటించకండి). ఆ ప్లాస్టిక్ పెట్టెకు ప్రత్యేక సంఖ్య ఉంటుంది, పెట్టె తెరిస్తే తెలిసిపోతుంది. తక్కువ ధర నాణేలకు ఆ ఖర్చు దండగ.

వర్ణన రాసేటప్పుడు లోపాలను దాచకండి. ‘అంచున చిన్న నొక్కు ఉంది, ఒకప్పుడు తోమిన ఆనవాళ్లు ఉన్నాయి’ అని నేనే ముందు రాస్తాను. ఇది నీతి కోసం మాత్రమే కాదు. నొక్కు సంగతి మీరే రాసి ఉంటే, దాన్ని చూపించి సగం డబ్బు వెనక్కి అడిగే బేరం మొదట్లోనే ఆగిపోతుంది. తిప్పి పంపే షరతులు కూడా అక్కడే రాయండి: ఎన్ని రోజుల గడువు, పార్సిలు విప్పే వీడియో కావాలా, నాణెం చేరి పరీక్షించాకే డబ్బు ఇస్తానా అన్నవి. నేను మూడూ రాస్తాను.

మూడోది: మొదటి సందేశంలోనే మనిషిని చదవండి

నిజమైన సేకరణకర్త ప్రశ్నలు వేస్తాడు. సంవత్సరం అడుగుతాడు, బరువు అడుగుతాడు, అంచు చూపించమంటాడు, ధర దగ్గర గీచి గీచి బేరమాడతాడు. ఇలాంటివాళ్లు విసిగిస్తారు కానీ మోసం చేయరు. వాళ్లకు ఓపికగా జవాబివ్వండి.

అనుమానించాల్సింది అసలు బేరమే ఆడనివాణ్ని. చెప్పిన ధరకు వెంటనే ఒప్పుకొంటాడు, నాణెం గురించి ఒక్క ముక్క అడగడు. సైన్యంలో ఉన్నాననో విమానాశ్రయ భద్రతలో పని చేస్తున్నాననో గుర్తింపు కార్డు ఫొటో పంపుతాడు. అది చాలా సందర్భాల్లో మరొకరి దగ్గర కొట్టేసిన కార్డు. సంభాషణను అమ్మకపు వేదిక నుంచి వాట్సాప్‌కు మార్చమంటాడు. అక్కడికి వెళ్లాక గొడవ వస్తే ఆ వేదిక మీకు ఏ రక్షణా ఇవ్వదు.

మరో రకం మరీ బాధ కలిగిస్తుంది, ఎందుకంటే అందులో చిక్కుకునేది నాణేల గురించి ఏమీ తెలియని పెద్దవాళ్లు. ట్రాక్టరు బొమ్మ ఉన్న అయిదు రూపాయల నోటుకు, 786 అంకె ఉన్న నోటుకు, వైష్ణోదేవి బొమ్మ నాణేనికి లక్షలు ఇస్తామంటారు. ముందు రిజిస్ట్రేషన్ రుసుము, తర్వాత జీఎస్టీ, ఆ తర్వాత రిజర్వ్ బ్యాంకు అనుమతి రుసుము అంటూ ఒక్కొక్కటిగా గుంజుతారు. పాత నోట్లు, నాణేల కొనుగోళ్లతో తమకు సంబంధం లేదని, ఎలాంటి కమిషనూ అడగబోమని రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులో ప్రకటించింది. కొనేవాడు అమ్మేవాడి దగ్గర డబ్బు అడగడం ఎక్కడా లేదు. మీ అమ్మమ్మకో మామయ్యకో ఈ ఒక్క మాట ఇవాళే చెప్పండి.

నాలుగోది: డబ్బు చేరిందని బ్యాంకు చెప్పాలి, కొన్నవాడు కాదు

యూపీఐలో డబ్బు అందుకోవడానికి పిన్ అవసరం లేదు, క్యూఆర్ కోడ్ స్కాన్ చేయాల్సిన పని కూడా లేదు. పిన్ కొట్టారంటే మీ ఖాతా నుంచి డబ్బు పోతుంది. వ్యక్తుల మధ్య డబ్బు కోరే ‘కలెక్ట్’ అభ్యర్థనలను యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ 2025 అక్టోబరు 1 నుంచి నిలిపేసింది. కానీ వ్యాపారుల ఖాతాల పేరిట అభ్యర్థనలు ఇంకా రావచ్చు, క్యూఆర్ మోసాలు ఆగలేదు. ‘పది రూపాయలు పంపి చూస్తాను, ఈ కోడ్ స్కాన్ చేయండి’ అనగానే ఫోను పెట్టేయండి. కొనుగోలుదారు పంపిన యాప్ ఫైలును ఫోనులో వేసుకోవద్దు.

స్క్రీన్‌షాట్‌ను నమ్మవద్దు, ‘జమ అయింది’ అని వచ్చే ఎస్ఎంఎస్‌ను కూడా నమ్మవద్దు. బ్యాంకు యాప్ తెరిచి నిల్వ చూశాకే పార్సిలు కట్టండి.

ఎక్కువ మంది పట్టించుకోని ప్రమాదం ఇంకొకటి ఉంది. మోసగాడు వేరొకరిని దోచిన డబ్బుతో మీ నాణెం కొనవచ్చు. దోపిడీకి గురైన వ్యక్తి ఫిర్యాదు చేయగానే ఆ డబ్బు వెళ్లిన ఖాతాలను బ్యాంకులు స్తంభింపజేయవచ్చు, వాటిలో మీది కూడా ఉండవచ్చు. అందుకే డబ్బు పంపిన ఖాతా పేరు, కొన్న మనిషి పేరు, చిరునామాలోని పేరు ఒకటే కావాలని నేను ముందే చెబుతాను. ప్రతి అమ్మకానికీ తేదీ, నాణెం వివరాలు, ధర రాసిన రసీదు ఒకటి తయారు చేసి ఇద్దరి దగ్గరా ఉంచుతాను. ఖాతా ఆగిపోతే పోలీసులకూ బ్యాంకుకూ చూపించడానికి ఆ కాగితమే ఆధారం. ‘పొరపాటున ఎక్కువ పంపాను, మిగిలింది ఈ నంబరుకు వేయండి’ అంటే వేయవద్దు. బ్యాంకుకు తెలిపి, వచ్చిన ఖాతాకే వెనక్కి పంపించండి.

విదేశాల్లో ఉంటూ అక్కడి నాణేలు అమ్మే తెలుగువాళ్లు, ఆన్‌లైన్ చెల్లింపుల సేవ పేపాల్ ద్వారా డబ్బు తీసుకుంటే, దాని నిబంధన ఒకటి గుర్తుంచుకోవాలి. కొన్నవాళ్లు 180 రోజుల వరకు వివాదం లేవనెత్తవచ్చు. ఆధారాలను ఆ గడువు దాటేదాకా చెరపకండి.

అయిదోది: పార్సిలు

నాణెం, దాని గుర్తులు, త్రాసు మీది బరువు, పెట్టెలో పెట్టడం, టేపు వేయడం, చిరునామా అంటించడం, ఇవన్నీ ఆపకుండా ఒకే వీడియోలో తీయండి. మధ్యలో ఆగితే దాని విలువ సగం పోతుంది. నాణెం పెట్టెలో కదిలి చప్పుడు చేయకూడదు, ఆ చప్పుడు విన్న ప్రతివాడికీ లోపల ఏముందో తెలిసిపోతుంది.

స్పీడ్ పోస్టు రసీదు మీద పార్సిలు బరువు ముద్రించి ఉంటుంది. ఖాళీ పెట్టె వచ్చిందని అంటే అదే మొదటి సాక్ష్యం. ఓటీపీ చెబితేనే అందించే సదుపాయాన్ని కూడా అడిగి తీసుకోండి. ప్రైవేటు కొరియర్ అయితే నాణేలకు, విలువైన లోహాలకు వాళ్ల నిబంధనలు ఏం చెబుతున్నాయో, పోతే పరిహారం ఇస్తారో లేదో కౌంటరు దగ్గరే తేల్చుకోండి. పార్సిలు బయలుదేరాక చిరునామా మార్చమంటే ఒప్పుకోకండి.

ఆరోది: ‘నకిలీ పంపారు’ అన్నప్పుడు

ముందు కోపం తెచ్చుకోకండి. కొన్నవాడి మాట నిజమే కావచ్చు. నేను ఒకసారి అసలుదని నమ్మి అమ్మిన నాణెం పోత పోసిన నకిలీ అని కొన్నాయన చూపించాడు. అంచున పోత అతుకు సన్నగా కనిపించింది. క్షమించమని అడిగి, పోస్టు ఖర్చుతో సహా ఇచ్చాను. అలాంటివాణ్ని దొంగను చూసినట్టు చూడటం మన తప్పవుతుంది.

అందుకని మొదటి జవాబు ఎప్పుడూ ఒకటే. ‘మీకు నచ్చకపోతే తప్పకుండా వెనక్కి తీసుకుంటాను. నాణెం బొమ్మ, బొరుసు, అంచు, త్రాసు మీద బరువు ఫొటోలు ఈ రోజు పంపండి’ అని రాయండి. ఫోనులో కాదు, వేదికలోని సందేశాల్లోనే రాయండి. నిజాయితీపరుడు గంటలో పంపుతాడు. మోసగాడు ఫొటోలు పంపకుండా ‘సగం డబ్బు ఇస్తే ఉంచుకుంటాను, లేకపోతే చెడ్డ రేటింగ్ ఇస్తాను’ అంటాడు. ఆ బేరానికి ఒప్పుకోవద్దు. ఆ బెదిరింపునే స్క్రీన్‌షాట్ తీసి వేదికకు పంపండి.

తిరిగి వచ్చిన పార్సిలును పోస్టుమాన్ ఎదుట తూచగలిగితే తూచండి. విప్పేటప్పుడు మళ్లీ ఆపకుండా వీడియో తీయండి. బరువు, మీరు దాచుకున్నదానితో సహా మూడు గుర్తులూ సరిపోలితేనే డబ్బు ఇవ్వండి.

ఏడోది: మోసం జరిగిపోతే

ఖాతా నుంచి డబ్బు పోయిందా, ఆలోచిస్తూ కూర్చోకండి, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయండి. డబ్బు మరో ఖాతాకు మారకముందే ఆపగలిగేది ఆ మొదటి గంటల్లోనే. తర్వాత జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేసి, ఆ సంఖ్యతో బ్యాంకుకు రాతపూర్వకంగా తెలపండి. నాణెం మార్చి పంపడం మోసం నేరమే, భారతీయ న్యాయ సంహితలో 318వ సెక్షన్. ఏ పోలీసు స్టేషనులోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. మాటలతో కాకుండా కాగితాలతో వెళ్లండి: సందేశాలు, రసీదు, రెండు వీడియోలు, పోలికలు చూపే ఫొటోలు తేదీల వరుసలో పెట్టి ఇస్తే వినే తీరే మారిపోతుంది. వినియోగదారుల కమిషన్ (ఒకప్పటి ఫోరం) కొన్నవాళ్ల కోసం ఏర్పడింది, అమ్మినవారికి అక్కడ పని జరగదు.

కోపంతో ఆ మనిషి ఫొటో, ఫోను నంబరు, చిరునామా అందరికీ పంచకండి. కేసు తిరిగి మీ మీదికే వస్తుంది. తోటి సేకరణకర్తలకు చెప్పాలనుకుంటే మోసం జరిగిన తీరు చెప్పండి, మీ నాణెం ఫొటోలు చూపించి ఎక్కడైనా అమ్మకానికి వస్తే తెలపమనండి. అప్పుడు తీసుకున్న ఆ మూడు గుర్తులు మళ్లీ పనికొస్తాయి.

మీకు తిరిగి అంటగట్టిన నాణేన్ని కేసు తేలేదాకా సంతకం చేసిన కవరులో, తేదీ వేసి ఉంచండి. ఆ నష్టం పూడ్చుకోవడానికి దాన్ని మంచిదని చెప్పి ఇంకొకరికి అమ్మకండి. టంకం మచ్చ ఉన్న ఆ చార్మినార్ రూపాయి ఇప్పటికీ నా బీరువాలోనే ఉంది.