పేటెంట్ దరఖాస్తుతో డిస్కు పంపేటప్పుడు

అమెరికా పేటెంట్ కార్యాలయానికి జన్యు క్రమాల జాబితానో, కంప్యూటర్ ప్రోగ్రామునో డిస్కు మీద సమర్పించేవారు మొదట లేబులు సంగతి చూసుకోవాలి. ఆవిష్కర్త పేరు, ఆవిష్కరణ శీర్షిక, దరఖాస్తును గుర్తించే సంఖ్య, డిస్కులోకి సమాచారం ఎక్కించిన తేదీ లేబులుపై స్పష్టంగా ఉండాలి. డిస్కులు ఒకటికి మించి ఉంటే, మూడింటిలో ఇది రెండోది అన్నట్టు వరుస కూడా రాయాలి. ఈ వరుసనే చాలామంది మరిచిపోతారు, కాబట్టి డిస్కును పెట్టెలో పెట్టేముందు మరోసారి సరిచూడండి.

తరువాత డిస్కును గట్టి పెట్టెలో ఉంచి, ఆ పెట్టెను మెత్తటి పొర ఉన్న రక్షణ కవరులో పెట్టాలి; ఈ కవరును అంటించకూడదు. దానితోపాటు ఫైళ్ల పేర్లు, బైట్లలో వాటి పరిమాణం, తయారుచేసిన తేదీలు తెలిపే లేఖను కాగితంపై జతచేయాలి. లేఖలోని ఫైలు పేరు డిస్కులోని పేరుతో అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి.