కవిత్వంపై పిహెచ్‌.డి.: తగిన చోటును ఎంచుకోవడం ఎలా?

తెలుగు ఎం.ఏ. పూర్తి చేసి కవిత్వం మీద పరిశోధన చేయాలని కోరుకునే విద్యార్థులు కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల్లో ఎందరో ఉన్నారు. "ఏ యూనివర్సిటీ మంచిది?" అన్నది సాధారణంగా వారి మొదటి ప్రశ్న. దానికంటే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న మరొకటి ఉంది. నేను ఏళ్ల తరబడి చదవబోయే కవిత్వం ఏది, దాని గురించి నేను తెలుసుకోదలచినది ఏమిటి? దీనికి స్పష్టమైన జవాబు ఉంటే ఎక్కడ చేరాలన్నది చాలావరకు దానంతట అదే తేలుతుంది. ఆ కవిత్వాన్ని మీతో కలిసి పంక్తి పంక్తిగా చదవగల గైడు, దాని మూలాలు దొరికే గ్రంథాలయం, ఈ రెండూ విశ్వవిద్యాలయం పేరు కంటే ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ముందుగా మీ ఆసక్తిని ఒక ప్రశ్నగా రాసుకోవాలి. "రాయలసీమ కవిత్వంలో కరువు" అన్నది ఒక విషయం మాత్రమే. విద్వాన్ విశ్వం "పెన్నేటి పాట" నుంచి నేటి వచన కవిత దాకా కరువును చెప్పే భాష ఎలా మారింది, మాండలికం ఎక్కడ ప్రవేశించింది, ఎవరి గొంతుతో ఆ కవిత్వం మాట్లాడింది అని అడిగినప్పుడు అది పరిశోధన ప్రశ్న అవుతుంది. సిద్ధాంత గ్రంథాల (థీసిస్‌ల) జాబితాలు తిరగేస్తే "ఫలానా కవి కవిత్వం - సమగ్ర పరిశీలన" అనే శీర్షికలు పదే పదే కనిపిస్తాయి. అటువంటి శీర్షిక కింద కవి జీవితానికి ఒక అధ్యాయం, రచనల పరిచయానికి మరొకటి, వస్తువుకు ఇంకొకటి కేటాయించి ముగించే ప్రమాదం ఉంది. మీ ప్రశ్నను ఒక పేజీలో రాయలేకపోతే దరఖాస్తు చేయడానికి ఇంకా సమయం కాలేదని భావించి, మరికొన్నాళ్లు కవిత్వమే చదవడం మేలు.

ప్రశ్న స్వభావాన్ని బట్టి కావలసిన విద్య మారుతుంది. వేమన పద్యాలనే తీసుకుందాం. సి.పి.బ్రౌన్ 1829లో వాటిని ఆంగ్లానువాదంతో ప్రచురించిన నాటి నుంచి ఏ పద్యం వేమనది, ఏది తరువాత చేరినది అన్న చర్చ సాగుతూనే ఉంది. ఆ చర్చలోకి దిగదలచిన విద్యార్థికి తాళపత్రాలు చదవడం, పాఠాంతరాలను పోల్చడం తెలిసిన గైడు అవసరం. చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికి పలుమార్లు వెళ్లి రావలసి ఉంటుంది కనుక అందుకు అనుమతించే శాఖ కూడా కావాలి. పుట్టపర్తి నారాయణాచార్యుల "శివతాండవం" లయను పరిశీలించదలచిన వారికైతే మాత్రా ఛందస్సుతో పాటు సంగీతం, నృత్యం గురించి కొంతైనా తెలిసిన పెద్దలు కావాలి. అన్నమయ్య పుట్టిన తాళ్లపాక మన సీమలోనిదే అయినా, సంకీర్తనల రాగిరేకులు తిరుమలలో లభించాయి, వాటి ప్రచురణ తిరుమల తిరుపతి దేవస్థానం ద్వారా జరిగింది. అందువల్ల ఆ పనికి తిరుపతి అనుకూలమైన చోటు. ఆధునిక కవిత్వమైతే తాళపత్రాల స్థానంలో పాత పత్రికలు వస్తాయి. అవి హైదరాబాదులోని సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోనూ, వేటపాలెం సారస్వత నికేతనంలోనూ వెతకవలసినవి.

దగ్గరలో ఉన్నవాటిని తక్కువగా చూడవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాను. అనంతపురంలో 1981లో ఏర్పడిన శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, కడపలో 2006లో ఏర్పడిన యోగి వేమన విశ్వవిద్యాలయం, తిరుపతిలో 1954 నుంచి ఉన్న శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఈ ప్రాంత కవిత్వానికి సహజమైన స్థానాలు. కడపలో బ్రౌన్ నివసించిన చోటనే వెలసిన భాషా పరిశోధన కేంద్రం, తిరుపతిలోని ప్రాచ్య పరిశోధన సంస్థ ప్రాచీన కవిత్వం చదివేవారికి పెద్ద ఆసరా. కర్నూలు విద్యార్థికి హైదరాబాదు రమారమి రెండు వందల కిలోమీటర్ల దూరమే కనుక అక్కడి కేంద్రీయ విశ్వవిద్యాలయాన్ని, ఉస్మానియాను కూడా పరిశీలించవచ్చు. వేమనను కన్నడ కవి సర్వజ్ఞుడితో పోల్చాలనుకునే అనంతపురం విద్యార్థికి, ముఖ్యంగా ఇంట్లోనో వీధిలోనో కన్నడం విని పెరిగినవారికి, తులనాత్మక సాహిత్యం మంచి మార్గం. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో దానికి ప్రత్యేక కేంద్రమే ఉంది. అయితే అటువంటి చోట సిద్ధాంత గ్రంథం ఏ భాషలో సమర్పించాలో ముందే విచారించుకోవాలి, ఎందుకంటే తెలుగు పద్యం మీద ఆంగ్లంలో వాదించడం వేరే శిక్షణను కోరుతుంది.

ఇక గైడు విషయం. దీనికి ఎంత సమయం వెచ్చించినా వృథా కాదు. ఇన్‌ఫ్లిబ్‌నెట్ నిర్వహించే "శోధగంగ" వెబ్‌సైటులో దేశంలోని విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలు ఉచితంగా చదువుకోవచ్చు. మీరు అనుకుంటున్న ఆచార్యుల పేరుతో వెతికి, వారి పర్యవేక్షణలో వచ్చిన రెండు మూడు గ్రంథాలను పూర్తిగా చదవండి. పీఠిక, ముగింపు చదివి వదిలేయకుండా, ఒక పద్యాన్ని విశ్లేషించిన పేజీ దగ్గర ఆగండి. అక్కడ పద్యాన్ని ఉదాహరించి, తాత్పర్యం చెప్పి ముందుకు వెళ్లారా, లేక ఆ మాట అక్కడే ఎందుకు పడింది, ఆ యతి దగ్గర అర్థం ఎలా మలుపు తిరిగింది అని అడిగారా? శిష్యుల గ్రంథాల్లో కనిపించే ఈ తేడా గైడు శ్రద్ధను చాలావరకు తెలియజేస్తుంది. ఆ తరువాత వారి స్వంత వ్యాసాలు చదవాలి. మీ కవితో ఏకీభవించే గైడే దొరకాలన్న పట్టుదల అవసరం లేదు. దళిత కవిత్వం మీద పనిచేసే విద్యార్థికి ప్రబంధాలు నిశితంగా చదివిన ఆచార్యులు ఎంతో మేలు చేయగలరు, వారు ఆ కవిత్వాన్ని గౌరవంతో చదివేవారైతే చాలు.

శోధగంగ పరిశీలనలో మరొక ప్రయోజనం ఉంది. మీ అంశం మీద ఇదివరకే పని జరిగిందేమో తెలుస్తుంది. జరిగి ఉంటే నిరాశపడకుండా, ఆ గ్రంథం ఎక్కడ ఆగిందో గుర్తించి అక్కడి నుంచి మీ ప్రశ్నను మొదలుపెట్టవచ్చు.

నియమాలను క్లుప్తంగా చెబుతాను. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022 నిబంధనల ప్రకారం పిహెచ్‌.డి. కనీస కాలం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. మహిళలకు, నలభై శాతానికి మించిన వైకల్యం ఉన్నవారికి మరో రెండేళ్ల సడలింపు ఉంది. ప్రొఫెసర్ ఏకకాలంలో ఎనిమిది మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ ఆరుగురికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురికి మాత్రమే పర్యవేక్షకులుగా ఉండగలరు. పదవీ విరమణకు మూడేళ్లలోపు ఉన్నవారు కొత్త విద్యార్థులను తీసుకోకూడదు. కాబట్టి మీరు ఎంతగానో అభిమానించే ఆచార్యులకు ఖాళీ ఉందో లేదో దరఖాస్తుకు ముందే కనుక్కోవాలి. 2024-25 నుంచి జాతీయ అర్హత పరీక్ష (నెట్) మార్కులను ప్రవేశాలకు పరిగణిస్తున్నారు. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) రానివారికి ఆ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ ఉంటుంది, ఆ స్కోరు ఒక సంవత్సరం చెల్లుతుంది. రాష్ట్ర విశ్వవిద్యాలయాల ప్రవేశాలకు ఆంధ్రప్రదేశ్ పరిశోధన ప్రవేశ పరీక్ష (ఏపీఆర్‌సెట్) నోటిఫికేషన్‌ను కూడా గమనిస్తూ ఉండాలి. ఉద్యోగంలో ఉన్న ఉపాధ్యాయులు పార్ట్‌టైమ్‌గా చేరవచ్చు, కానీ పై అధికారి నుంచి నిరభ్యంతర పత్రం తప్పనిసరి.

డబ్బు గురించి మాట్లాడడానికి మొహమాటపడవద్దు. జేఆర్‌ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తరువాత 42,000 రూపాయలు అందుతాయి. అది లేకుండా కేంద్రీయ విశ్వవిద్యాలయంలో చేరినవారికి నెలకు 8,000 రూపాయల నాన్-నెట్ ఫెలోషిప్ ఉంది. దానితో హైదరాబాదులో హాస్టల్ దొరక్కుండా బతకడం కష్టం. అప్పుడు ఇంటి నుంచి వెళ్లి రాగల విశ్వవిద్యాలయం, నిలకడగా చదువుకునే వీలు, రెండూ పెద్ద పేరు కంటే విలువైనవి కావచ్చు. ఇంట్లో మీ సంపాదన కోసం ఎదురుచూస్తున్నవారు ఉంటే ఈ లెక్క వారితో కూర్చుని వేయడం మంచిది.

చివరి నిర్ణయానికి ముందు ఆ శాఖలో ప్రస్తుతం పరిశోధన చేస్తున్న ఇద్దరు ముగ్గురు స్కాలర్లతో, వీలైతే నేరుగా వెళ్లి, మాట్లాడండి. గైడు అధ్యాయాన్ని ఎన్నాళ్లలో చదివి ఇస్తారు, దిద్దుబాట్లు రాసి ఇస్తారా, స్వంత పనులు అప్పగిస్తారా, సెమినార్లకు పంపుతారా, గ్రంథాలయం సాయంత్రం ఎన్ని గంటల వరకు తెరిచి ఉంటుంది అని అడగండి. మహిళా స్కాలర్ల అనుభవాన్ని వారి నుంచే విడిగా వినడం అవసరం. ఆ తరువాత ఆచార్యులకు ఒక లేఖ రాయండి. అందులో పొగడ్తలు అక్కరలేదు. మీ ప్రశ్న, మీరు ఇప్పటికి చదివినవి, వారి ఏ వ్యాసం మీ ఆలోచనకు దగ్గరగా ఉందో రాసి, ఒక పద్యం మీద మీరు చేసిన రెండు పేజీల విశ్లేషణ జత చేయండి. వారు ఆ రెండు పేజీల మీద ఏం అడుగుతారో శ్రద్ధగా గమనించండి. మీ పద్యం గురించి ఎదురు ప్రశ్న వేసిన ఆచార్యుల పేరును మీ దరఖాస్తులో మొదటి ప్రాధాన్యంగా రాయవచ్చు.