వ్యవసాయ ప్రదర్శనల పాత పతకాల సేకరణ, 4వ పాఠం: ఒకే పతకం మీద మూడు సంవత్సరాలు

హాల్‌మార్క్ ముద్రల పాఠం చదివాక చాలామంది ఒకే సందేహం రాశారు: పతకం మీద చెక్కిన సంవత్సరం ఒకటి, అంచున ఉన్న తేదీ అక్షరం (హాల్‌మార్క్‌లో, ముద్ర వేసిన ఏడాదిని తెలిపే అక్షరం) చెప్పే సంవత్సరం మరొకటి కనుక తమ పతకం నకిలీదేనా అని. ఆ తొందరలో మంచి పతకాన్ని తిప్పి పంపేసినవారు కూడా ఉన్నారు. అందుచేత రిబ్బన్లు, పెట్టెల సంగతి వాయిదా వేసి, ఈ చిక్కునే విప్పుదాం.

19వ శతాబ్దపు బ్రిటన్‌లో వ్యవసాయ సంఘాలు తరచుగా ఒకసారి అచ్చు చెక్కించి, పతకాలు ముందుగానే కొట్టించి నిల్వ ఉంచుకునేవి. ప్రదర్శన ముగిశాక విజేత పేరు, పశువు జాతి, సంవత్సరం చెక్కించి ఇచ్చేవి. కాబట్టి ముద్ర వేసిన ఏడు బహుమతి ఏటి కంటే ముందుది కావడం సహజమే. పైగా లండన్ హాల్‌మార్క్ కార్యాలయంలో మే నెలలో, బర్మింగ్‌హామ్‌లో జులైలో తేదీ అక్షరం మారేది కనుక ఒక్కో అక్షరం రెండు క్యాలెండరు సంవత్సరాలకు వర్తిస్తుంది. ఒక ఏడాది తేడాను అసలు లెక్కలోకి తీసుకోనక్కరలేదు.

నన్ను నిజంగా బాధపెట్టేది మూడో సంవత్సరం, అంటే సంఘం పుట్టిన సంవత్సరం. బాత్ అండ్ వెస్ట్ సంఘం 1777లో, స్కాట్లాండ్ హైలాండ్ సంఘం 1784లో, ఇంగ్లాండ్ రాయల్ వ్యవసాయ సంఘం 1838లో ఏర్పడ్డాయి. ఇలాంటి స్థాపక సంవత్సరం అచ్చులోనే ఉంటే, వందేళ్ల తర్వాత కొట్టిన పతకం మీదా అదే కనిపిస్తుంది. అది చూసి 18వ శతాబ్దపు పతకమని అమ్మేవారూ ఉన్నారు, నమ్మి కొనేవారూ ఉన్నారు. పతకాన్ని అంచులు పట్టుకొని, దీపపు వెలుగు పక్కనుంచి పడేలా వంచి, భూతద్దంతో చూడండి: ఉబ్బెత్తుగా ఉన్న అంకెలు అచ్చులోవి, లోతుగా దిగినవి తర్వాత చేర్చినవి. బహుమతి ఏడు ఈ రెండో రకంలోనే వెతకాలి. అచ్చు చెక్కిన కళాకారుడి పేరు కూడా కాలాన్ని రుజువు చేయదు. నాణేల, పతకాల అచ్చులు చెక్కిన విలియం వయన్ 1851లో మరణించినా, ఆయన చేసిన అచ్చులు ఆ తర్వాతా వాడుకలో ఉన్నాయి.

ఒక ఉదాహరణ చూద్దాం. షార్ట్‌హార్న్ జాతి ఆబోతుకు రెండో బహుమతి, 1893 అని చెక్కిన వెండి పతకం అంచున సింహం, లంగరు, వాటి పక్కన రాణి తల ఉన్నాయనుకోండి. సింహం అసలు వెండికి, లంగరు బర్మింగ్‌హామ్‌కు గుర్తు; రాణి తల సుంకం చెల్లించిన గుర్తు. ఆ సుంకాన్ని 1890లో రద్దు చేశారు. అంటే పతకం బర్మింగ్‌హామ్‌లో అంతకుముందే ముద్ర వేయించుకొని నిల్వలో ఉండిపోయింది, అంతే. తలకిందులైతేనే అనుమానించాలి: చెక్కింది 1884, అక్షరం 1902 అయితే, పోయిన పతకానికి బదులు ఇచ్చిందని చూపే కాగితం లేనిదే నేను కొనను. పేరు చెక్కని పతకాన్నైతే ఎంత మెరిసినా కొనను.

ముద్ర కనబడలేదని పాలిష్ మాత్రం పెట్టవద్దు. అసలైన వెండి పతకాల్లోనూ హాల్‌మార్క్ లేనివి ఎన్నో ఉన్నాయి.

అభ్యాసం: మీ దగ్గరున్న ప్రతి పతకానికీ అచ్చులోని సంవత్సరం, చెక్కిన సంవత్సరం, తేదీ అక్షరం వేరువేరుగా రాయండి. తర్వాత ప్రదర్శన జరిగిన జిల్లా పాత వార్తాపత్రికల్లో ఆ ఏటి ప్రదర్శన ఫలితాల జాబితా వెతికి, విజేత పేరు ఏ విభాగం కింద ఉందో పట్టుకోండి. వారాలు పట్టినా సరే, ఒక్క పతకానికైనా ఇది పూర్తి చేశాకే తర్వాతి పాఠం తెరవండి.