పెద్ద స్కార్ఫ్‌తో తిప్పలు: ఎక్కడ తేడా కొడుతోంది, ఎలా సర్దుకోవాలి

ఆదిలాబాద్‌లో జనవరి తెల్లవారుజామున బండి తీయాలన్నా, లంబసింగి చూద్దామని చీకటితోనే బయల్దేరాలన్నా మామూలు మఫ్లర్ చాలదు, అందుకే చాలామంది దుప్పటంత స్కార్ఫ్ కొంటారు. తీరా చుట్టుకున్నాక అద్దంలో చూసుకుంటే నచ్చదు. ఎన్ని రకాల ముడులు నేర్చుకున్నా లాభం లేదండీ, అసలు గొడవంతా చుట్టే ముందు వేసే మడత దగ్గరే ఉంటుంది.

సమస్య: మెడ మాయమైపోయి, గడ్డం కింద బట్ట పోగుపడింది.
చతురస్రంగా ఉండే పెద్ద స్కార్ఫ్ అటూ ఇటూ మూడేసి మూరలు, అంటే దాదాపు 140 సెంటీమీటర్లు ఉంటుంది. దాన్ని తాడులా నలిపి చుడితే అంత బట్టా మెడ దగ్గరే చేరుతుంది మరి. మూలకు మూల కలిపి త్రికోణంగా మడవండి. మధ్య కొస ఛాతీ మీదికి వేలాడేలా పెట్టుకుని, మిగతా రెండు కొసలూ మెడ వెనక ఒకదాని మీదుగా ఒకటి దాటించి ముందుకు తెచ్చి, ఆ త్రికోణం కిందికే దోపేయండి. ముడి అక్కర్లేదు. మెడ పొట్టిగా ఉన్నవాళ్ళు పై అంచు కాస్త కిందికి లాగి గడ్డం కింద కొంచెం ఖాళీ వదిలితే చూడ్డానికి బాగుంటుంది.

సమస్య: ఇంత చుట్టినా చలేస్తోంది.
వెచ్చగా ఉంచేది పోగుల మధ్య చిక్కుకున్న గాలి, గట్టిగా బిగిస్తే ఆ గాలి కాస్తా పోతుంది. పొడవు స్కార్ఫ్ అయితే సగానికి మడిచి మెడ వెనక నుంచి వేసుకుని, రెండు కొసల్నీ మడత దగ్గర ఏర్పడే లూప్‌లోంచి లాగి, బిగుసుకోకముందే ఆపేయండి. ఈదురుగాలి ఉంటే మాత్రం వదులు నేత స్కార్ఫ్ గాలిని ఆపలేదు, పైన జాకెట్ జిప్ వేయాల్సిందే.

సమస్య: బండి మీద కొసలు వెనక్కి ఎగురుతున్నాయి.
ఇది అందం సంగతి కాదు, ప్రాణం సంగతి. నాట్యకారిణి ఇసడోరా డంకన్ 1927లో ఫ్రాన్స్‌లోని నీస్‌లో చనిపోయింది మెడలోని పొడవాటి స్కార్ఫ్ కారు చక్రంలో చుట్టుకునే. శారీ గార్డ్ ఉందిగా అని ధీమా వద్దు, అది చక్రాన్నంతా కప్పదు. కొసలు రెండూ జాకెట్ లోపలికి దోపి జిప్ వేశాకే బండెక్కండి, వెనక కూర్చున్నవాళ్ళవి కూడా ఓసారి చూడండి. తలకు దళసరి స్కార్ఫ్ చుట్టి పైన హెల్మెట్ పెడితే అది సరిగ్గా కూర్చోదు. తలకు పల్చటి కాటన్‌ది, మెడకు పెద్దది వాడండి.

కళ్ళజోడు మసకబారుతోందా? ముక్కు మీద నుంచి కప్పడం వల్ల ఊపిరి పైకి తన్నుతోంది. ముక్కు కిందికి దించండి, అంతే.

సమస్య: మెడ దురద.
ఉన్ని పోగు లావుగా ఉంటే, అంటే సుమారు 30 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాటితే, చర్మానికి గుచ్చుకుంటుంది. మెరినో అనే జాతి గొర్రెల ఉన్ని సన్నగా ఉంటుంది కాబట్టి చాలామందికి ఆ బాధ ఉండదు. ఉన్నదాన్నే వాడాలంటే లోపల కాటన్ కాలర్ చొక్కా వేసుకోండి. అక్రిలిక్‌తో దురద తక్కువే గానీ, పొడి చలిలో జుట్టంతా అతుక్కుని చిటపటలాడుతుంది, చుట్టే ముందు అరచేతులు కాస్త తడి చేసుకుని స్కార్ఫ్ మీద రాస్తే తగ్గుతుంది.

సమస్య: పెళ్ళిలో పట్టుచీర మీద వేసుకుంటే భుజం మీంచి జారిపోతోంది.
సన్మానాల్లో కప్పిన శాలువాలు బీరువా నిండా ఉంటాయి కదా అని అదొకటి తీస్తాం, అవేమో ఎక్కువగా నున్నటి సింథటిక్‌వి, పైగా అంచు జరీ మెడకు గీసుకుంటుంది. వాటిని మెడకు చుట్టకండి. పొడవునా కుచ్చిళ్ళు పెట్టి ఎడమ భుజం మీద పైటలా వేసి, జాకెట్టు కుట్టు మీదుగా పిన్నీసు పెట్టండి, ఉత్త బట్టకే గుచ్చితే చిరుగుతుంది.