కాలనీ పార్కులో సద్దుల బతుకమ్మ: ఏర్పాట్లు ఎలా చేసుకోవాలి

తెలంగాణ పట్టణాల్లో చెరువుగట్లు దూరమైన ఎన్నో కాలనీలకు ఇప్పుడు పార్కే బతుకమ్మ ఆడే చోటు. భాద్రపద అమావాస్యనాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలయ్యే ఈ తొమ్మిది రోజుల పండుగలో జనం ఎక్కువగా వచ్చేది చివరి రోజైన సద్దుల బతుకమ్మ సాయంత్రమే కనుక, ఏర్పాట్లన్నీ ఆ రోజుకు సరిపోయేలా చేసుకోవాలి.

పార్కు మున్సిపాలిటీదైతే కాలనీ సంఘం పేరున ఆ కార్యాలయానికి, మైకు పెట్టదలిస్తే పోలీసులకు, ముందుగానే దరఖాస్తు ఇవ్వాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడరాదు. పండుగ సడలింపు ఉన్నదీ లేనిదీ దరఖాస్తు ఇచ్చేటప్పుడే అడగాలి.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ నేల మీద పెట్టాలి. వేదిక, కుర్చీలు, అతిథుల ప్రసంగాలు పెట్టుకుంటే ఆడవలసిన స్థలంలో సగం వాటికే పోతుంది కాబట్టి, నా మటుకు వేదికే వద్దంటాను. చెట్లకు దూరంగా చదునైన చోటు ఎంచుకుని, నడుమ అలికి ముగ్గు వేసి బతుకమ్మలను పేర్చి, చుట్టూ రెండు మూడు వలయాలుగా తిరగడానికి వీలుండేంత జాగా వదలాలి. చాలామంది చెప్పులు విడిచి ఆడతారు కనుక గాజుపెంకులు, ముళ్లు ముందే ఏరించాలి. రెండు రోజుల ముందు నుంచే పచ్చికకు నీళ్లు ఆపకపోతే ఆటస్థలం బురదవుతుంది. దీపాలు ఎత్తులో కట్టి, వెలుగు కళ్లలో పడకుండా చూడాలి. మైకు డీజేకు కాక, పాటలు కంఠతా వచ్చిన పెద్దమ్మలకు ఇస్తే, వాళ్లు చెప్పే చరణానికి ‘ఉయ్యాలో’ అని అందరి గొంతూ కలుస్తుంది.

తంగేడు, గునుగు, బంతి పూలను కాలనీ అంతటికీ కలిపి తెల్లవారుజామునే మార్కెట్లో కొంటే ఖర్చు కలిసివస్తుంది. గునుగుకు రసాయన రంగులు అద్దకపోవడమే మేలు, ఎందుకంటే ఆ పూలన్నీ చివరికి నీటిలోకే వెళ్తాయి.

దగ్గర్లో చెరువు లేకపోతే పార్కులోనే ఒక మూల గుంత తవ్వి, టార్పాలిన్ పరచి నీళ్లు నింపవచ్చు. పిల్లలు అటు వెళ్లకుండా తాడు కట్టి, ఇద్దరు పెద్దలను నిలబెట్టాలి. నిమజ్జనమయ్యాక వాయనాలు ఇచ్చిపుచ్చుకునే వేళకు సత్తుపిండి, మలీద, పులిహోర ఆకుదొప్పల్లో సిద్ధంగా ఉండాలి. మర్నాడు పొద్దున్నే పూలను తీసి ఎరువు గుంతలో వేయించి, నీళ్లు నింపిన గుంతను పూడ్పించాకే పార్కు తాళాలు తోటమాలికి అప్పగించాలి.