జేబులో చాకా, మల్టీటూలా, అసలేదీ వద్దా?

కొనేముందు పది రోజులు లెక్క రాయండి. "చేతిలో చాకుంటే బాగుండేది" అనిపించిన ప్రతిసారీ ఏ పనికి అనిపించిందో, అప్పుడు ఎక్కడున్నారో ఫోన్‌లో ఒక ముక్క రాసుకోండి. ఆఫీసుకెళ్లి వచ్చేవాళ్ల లెక్కలో తేలేవి సాధారణంగా ఇవి: కొరియర్ డబ్బా టేపు, కొత్త చొక్కా ట్యాగు, ఎంత లాగినా చిరగని ప్యాకెట్, వేలికి గుచ్చుకున్న పేడు, రిమోట్ బ్యాటరీ మూత, వదులైన కళ్లద్దాల స్క్రూ. వీటిలో సగం కత్తెర పనులే. పది రోజుల్లో రెండుసార్లు కూడా రాయలేదంటే జేబులో ఏదీ అక్కర్లేదు. ఆఫీసు సొరుగులో ఒక కత్తెర పెట్టుకోండి, సరిపోతుంది.

అంతకంటే ఎక్కువ తేలితే మొదట చూడాల్సింది తాళాల గుత్తికి వేలాడే చిన్న మడతచాకు. విక్టోరినాక్స్ క్లాసిక్ ఎస్‌డీ ఈ రకానిదే. మూసినప్పుడు పొడవు 58 మి.మీ., బరువు 20 గ్రాముల పైచిలుకు. అందులో చిన్న బ్లేడు, కత్తెర, గోళ్ల ఆకురాయి, ట్వీజర్స్, టూత్‌పిక్ ఉంటాయి. ఆకురాయి కొసే స్క్రూడ్రైవరు, రిమోట్ మూతలకు సరిపోతుంది. కళ్లద్దాల స్క్రూకి మాత్రం లావవుతుంది. జేబులో ఉన్నట్టే తెలియదు కాబట్టి రోజూ వెంట ఉంటుంది. రోజూ వెంట ఉండేదే పనికొస్తుంది, అందుకే చాలామందికి మా సలహా ఇదే.

పళ్లు కోసుకు తినే అలవాటుంటే 91 మి.మీ. సైజు మేలు. జామకాయను రెండు చెక్కలు చేయాలంటే చిన్న బ్లేడు అందదు. ఈ సైజులో డబ్బా మూతలు కోసే పనిముట్టు ఉంటుంది, దాని సన్నటి కొస ప్లస్ స్క్రూలను కూడా తిప్పుతుంది. డబ్బా కోసేటప్పుడు దాన్ని వెనక్కి లాగకుండా, కొద్దికొద్దిగా కొరుకుతూ ముందుకు నడపాలి. వెనక్కి లాగేవాళ్లే ఇది తెగడం లేదని పక్కన పడేస్తారు.

మల్టీటూల్ అంటే ప్లయరు, బ్లేడు, స్క్రూడ్రైవరు లాంటివన్నీ ఒకే పిడిలోకి మడిచిన పనిముట్టు. దాని ప్రాణం ప్లయర్. కేబుళ్లు లాగేవాళ్లకు, సీసీ కెమెరాలు బిగించేవాళ్లకు, డ్రిప్ పైపులు పరిచిన రైతుకు ఇది నిజంగా అక్కరకొస్తుంది. 16 మి.మీ. లాటరల్ (మొక్కల వరసల వెంట పరిచే సన్న పైపు) చిట్లితే చిట్లిన ముక్క కోసేసి, జాయినర్ తొడిగి, ప్లయర్‌తో నొక్కేదాకా ఒక్క పనిముట్టుతోనే అయిపోతుంది. అయితే లెదర్‌మ్యాన్ వేవ్ ప్లస్ లాంటిది 240 గ్రాములుంటుంది. ప్యాంటు జేబు కిందికి లాగేస్తుంది, నాలుగో రోజుకి ఇంట్లో వదిలేస్తారు. దాని చోటు బ్యాగు, లేదా బండి డిక్కీ. ఇంట్లో వాడకానికే అయితే అసలు కొనొద్దు. ఆ డబ్బులో చిన్న వంతుకే మంచి కటింగ్ ప్లయరు, టెస్టరు, రెండు స్క్రూడ్రైవర్లు వస్తాయి, పనీ వాటితోనే బాగా సాగుతుంది.

మల్టీటూల్‌తో రెండు తప్పులు తరచూ జరుగుతాయి. పిడి మొత్తం ఇనుమే, పైన ప్లాస్టిక్ తొడుగు ఉండదు. అందుకని 230 వోల్టుల కరెంటు ఉన్న తీగ జోలికి దీంతో పోకూడదు. మెయిన్ ఆపి, టెస్టర్‌తో చూసుకున్నాకే ముట్టుకోండి. రెండోది బైకు బోల్టులు. 10, 12 సైజు బోల్టులను ప్లయర్‌తో తిప్పితే పట్టు జారి మూలలు అరిగి గుండ్రమైపోతాయి, ఆ తర్వాత సరైన పానా వేసినా పట్టదు. బండితో వచ్చిన టూల్‌కిట్‌ను సీటు కిందే ఉంచండి.

చాకు పట్టే పద్ధతి చూద్దాం. చిన్న చాకుల్లో బ్లేడు స్ప్రింగు బిగువు మీదే నిలుస్తుంది, లాక్ ఉండదు. మొనతో పొడిచినా, బ్లేడు వీపు మీద నొక్కినా అది మడుచుకుని వేళ్ల మీదికి వస్తుంది. టేపు కోసేటప్పుడు మొన రెండు మూడు మిల్లీమీటర్లే దింపి, ఒంటికి దూరంగా లాగండి. అంతకంటే దిగితే లోపలున్న చీర తెగుతుంది. మూసేటప్పుడు పిడిని వెనకవైపు నుంచి పట్టుకుని, గాడిలో వేళ్లు లేకుండా చూసుకుని, రెండో అరచేత్తో బ్లేడు వీపును నెట్టండి. కొబ్బరికాయ పీచు తీయడానికి, మూతలు పెకలించడానికి బ్లేడు వాడితే మొన విరుగుతుంది.

మనదేశంలో ఆయుధాల నిబంధనలు బ్లేడు 9 అంగుళాల కంటే పొడవు, లేదా 2 అంగుళాల కంటే వెడల్పు ఉన్న కత్తుల గురించి మాట్లాడతాయి. ఇంటి పనికి, పొలం పనికి, పరిశ్రమకు చేసినవాటికి మినహాయింపు ఉంది. జేబు చాకు ఆ కొలతకు చాలా దూరం. అయినా బటన్ నొక్కితే ఎగిరి తెరుచుకునే రకం కొనకండి. ఆత్మరక్షణకని ఏ చాకునూ పెట్టుకోకండి. తోపులాటలో అది ఎదుటివాడి చేతికి పోవచ్చు, మీరే బయటికి తీస్తే కేసు మీ మీదికే వస్తుంది. ఎందుకని పోలీసులు అడిగితే చెప్పడానికి ఒక పని ఉండాలి.

మెట్రో, మాల్, సినిమా హాలు, పరీక్షా కేంద్రం, కోర్టు: వీటికి వెళ్లే రోజు గుత్తి నుంచి తీసి ఇంట్లో పెట్టండి. తిరుమలకు వెళ్తుంటే అలిపిరి దగ్గర సామానంతా తనిఖీ చేస్తారు, అప్పుడూ అంతే. విమానానికైతే చెక్-ఇన్ బ్యాగులో వేయాలి, చేతి బ్యాగులో ఉంటే భద్రతా తనిఖీ దగ్గర వదులుకోవాల్సిందే. తాళాలకు వేలాడేది మర్చిపోవడం తేలిక కాబట్టి సులువుగా ఊడే కొక్కెంతో తగిలించండి. చదువుకోసం బ్రిటన్ వెళ్లే పిల్లలకు ఇది తప్పకుండా చెప్పండి: అక్కడ సరైన కారణం లేకుండా బయట పట్టుకు తిరగదగ్గది 3 అంగుళాలకు మించని, లాక్ లేని మడతచాకు మాత్రమే. బ్లేడుకు లాక్ ఉన్న మల్టీటూల్ ఊరికే జేబులో ఉన్నా నేరమే.

పదును పోయిన చాకుతోనే చేయి తెగుతుంది, ఎందుకంటే ఎక్కువ నొక్కుతాం, నొక్కితే జారుతుంది. 1000 నంబరు సానరాయిని (నంబరు పెరిగేకొద్దీ రాయి నునుపు) నీళ్లతో తడపండి. బ్లేడు వెడల్పులో మూడోవంతు ఎత్తుకు వీపును లేపితే సుమారు 20 డిగ్రీల కోణం వస్తుంది. వెడల్పు 12 మి.మీ. అయితే ఎత్తు 4 మి.మీ. అదే ఎత్తు చివరిదాకా నిలుపుతూ ఒక్కోవైపు పది పన్నెండు సార్లు గీయండి. సానరాయి లేకపోతే పింగాణీ కప్పు అడుగున మెరుపు లేని గరుకు అంచు చాలు. న్యూస్‌పేపరు అంచును చింపకుండా కోస్తే పదును వచ్చినట్టే.

మామిడికాయ, నిమ్మకాయ కోశాక బ్లేడు వెంటనే కడగండి, పులుపు ఉండిపోతే మచ్చలు పడతాయి. పనసతొనలు తీసేముందు బ్లేడుకు నూనె రాస్తే జిగురు పట్టదు. చాకు బిగుసుకుంటే గోరువెచ్చని నీళ్లలో ముంచి, అందులోనే నాలుగైదుసార్లు తెరిచి మూయండి. జేబులోని దూది, ఇసుక బయటికొస్తాయి. బాగా ఆరాక కీలు దగ్గర ఒక్క చుక్క కుట్టుమిషను నూనె వేయండి. కొబ్బరినూనె కీలులో వేయొద్దు, చలికాలం పేరుకుంటుంది, నాళ్లు గడిస్తే జిడ్డుగట్టి కీలును మళ్లీ బిగిస్తుంది. పళ్లు కోసే చాకైతే ఆ చుక్క బ్లేడు మీదికి రాకుండా తుడిచి మూయండి.